ఒక్క రోజు తూకంలో మిసాకి ఎమురా

2024 జూలై 26 సాయంత్రం, పారిస్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవం వానలోనే జరిగింది. సెయిన్ నది మీద పడవల్లో సాగిన దేశాల ఊరేగింపులో జపాన్ జెండా ఇద్దరి చేతుల్లో ఉంది. ఒకరు బ్రేకింగ్ నృత్యంలో పోటీపడే షిగెయుకి నకరాయి, రెండోవారు ఫెన్సింగ్ క్రీడాకారిణి మిసాకి ఎమురా. సేబర్ విభాగంలో 2022లోనూ 2023లోనూ ప్రపంచ విజేతగా నిలిచిన ఎమురా మెడలో స్వర్ణం పడడం ఖాయమనే జపాన్‌లో చాలామంది అనుకున్నారు. మూడు రోజులు గడిచాయి. జూలై 29న ఫెన్సింగ్ వేదిక గ్రాండ్ పలేలో, పదహారు మంది మిగిలిన దశలో, దక్షిణ కొరియాకు చెందిన చోయ్ సె-బిన్ చేతిలో ఆమె 7-15తో ఓడిపోయారు. ర్యాంకుల పట్టికలో చోయ్ ఆమెకంటే చాలా కింద ఉన్న క్రీడాకారిణి. అప్పటినుంచి ఎమురా పేరు వచ్చినప్పుడల్లా ఒక తోక కూడా వస్తోంది: ప్రపంచ విజేతే కానీ ఒలింపిక్స్‌లో వ్యక్తిగత పతకం తేలేకపోయింది, అని. ఆ తోకను తీసి పక్కన పెట్టాలని ఈ ప్రసంగంలో నా వాదన. ఆమె మీద జాలితో కాదు. సేబర్ అనే ఆట ఎలా నడుస్తుందో చూస్తే, ఆ ఒక్క రోజు ఫలితం ఆమె గురించి మనకు చెప్పేది చాలా తక్కువ, మిగతా సంవత్సరాల ఫలితాలు చెప్పేది చాలా ఎక్కువ అని తేలుతుంది కాబట్టి.

ముందు ఆట సంగతి. ఫెన్సింగ్‌లో మూడు కత్తులున్నాయి: ఫాయిల్, ఎపీ, సేబర్. మొదటి రెండింటిలో కత్తి మొనతో పొడిస్తేనే పాయింటు. సేబర్‌లో మొనతో పొడవవచ్చు, అంచుతో వేటు వేయవచ్చు కూడా. నడుముకు పైనున్న శరీరమంతా, తల, చేతులతో సహా, లక్ష్యమే. పద్నాలుగు మీటర్ల పట్టీ మీద ఇద్దరూ నాలుగు మీటర్ల ఎడంగా నిలబడతారు. రిఫరీ మొదలుపెట్టమన్న మాట అయీ అవకముందే ఇద్దరూ ముందుకు దూసుకొస్తారు, ఒకటి రెండు సెకన్లలో పాయింటు తేలిపోతుంది. ఒక కత్తి తగిలాక సెకనులో ఆరో వంతు సమయంలోపు రెండో కత్తి కూడా తగిలితే యంత్రం రెండు దీపాలూ వెలిగిస్తుంది. అప్పుడు దాడి ముందు ఎవరు ఆరంభించారు, ఎవరు దాన్ని అడ్డుకుని ఎదురుదాడికి దిగారు అన్నది రిఫరీ నిర్ణయించాలి. వీడియో సమీక్ష ఉంది, అయినా చివరిమాట మనిషి కంటిదే. పదిహేను పాయింట్లు ముందు చేరినవారు గెలిచినట్టు. మధ్యలో ఒకరు ఎనిమిదికి చేరగానే ఒక నిమిషం విరామం. విరామం కలుపుకొని కూడా మొత్తం బౌటు, అంటే ఇద్దరి మధ్య ఒక పోరు, కొన్ని నిమిషాల్లో ముగియవచ్చు. టెన్నిస్‌లో మొదటి సెట్టు పోయినవారికి కోలుకోవడానికి గంటల సమయం దొరుకుతుంది. టెస్టు క్రికెట్‌లో అయితే రోజులే దొరుకుతాయి. సేబర్‌లో వరసగా నాలుగు పాయింట్లు పోవడానికి అర నిమిషం చాలు, ఆ అర నిమిషం తర్వాత దాన్ని సరిచేసుకునే వ్యవధి ఉంటుందన్న హామీ లేదు.

ఇలాంటి ఆటలో, ఓడితే ఇంటికే అనే పద్ధతిలో పోటీ పెడితే ఏమవుతుందో చిన్న లెక్క వేసి చూద్దాం. ఎదురైన ప్రతి ప్రత్యర్థినీ నూటికి ఎనభై సార్లు ఓడించగల క్రీడాకారిణి ఉందనుకోండి. ఈ ఎనభై ఊహ మాత్రమే, ఎవరినీ కొలిచి తీసిన సంఖ్య కాదు. ప్రపంచస్థాయిలో ఎదుటివాళ్లూ నిపుణులే కనుక ఎనభై అంటే అసాధారణమైన ఆధిక్యమే. ముప్ఫై రెండు మంది దశ నుంచి ఒలింపిక్ స్వర్ణం దాకా వరసగా ఐదు బౌట్లు గెలవాలి. ఎనభై శాతాన్ని ఐదుసార్లు హెచ్చవేస్తే వచ్చేది నూటికి ముప్ఫై మూడు. అంటే అంత గొప్ప క్రీడాకారిణి కూడా మూడు ఒలింపిక్స్‌లో రెండుసార్లు స్వర్ణం లేకుండానే తిరిగిరావడం సహజం. ఇంకా ఉదారంగా తొంభై శాతం ఇద్దాం. అప్పుడు కూడా స్వర్ణం అవకాశం నూటికి యాభై తొమ్మిదే. మొదటి రెండు బౌట్లలోనే ఇంటిదారి పట్టే అవకాశం నూటికి పంతొమ్మిది. పారిస్‌లో ఎమురాకు జరిగింది సరిగ్గా ఇదే. అయిదుసార్లలో దాదాపు ఒకసారి జరిగే సంగతి, నాలుగేళ్లకోసారి వచ్చే రోజున జరిగింది. ఇందులో ఆశ్చర్యపడాల్సినది తక్కువ. మనం ఆశ్చర్యపోయామంటే ఆ ఆట స్వభావం తెలియక ఆశ్చర్యపోయామన్నమాట.

ఇప్పుడు అదే లెక్కను ప్రపంచ చాంపియన్‌షిప్ మీద పెట్టండి. అక్కడ పోటీదారులు ఇంకా ఎక్కువ. అగ్రశ్రేణివాళ్లు కూడా అరవై నలుగురి దశ నుంచి మొదలుపెట్టి ఆరు బౌట్లు గెలవాలి. ఎనభై శాతం ఆధిక్యం ఉన్నవారికి ఒక ఏడాది టైటిల్ వచ్చే అవకాశం నూటికి ఇరవై ఆరు, వరసగా రెండేళ్లూ వచ్చే అవకాశం నూటికి ఏడు మాత్రమే. ఎమురా ఆ పని చేశారు. 2022 జూలైలో కైరోలో అజర్‌బైజాన్ క్రీడాకారిణి అన్నా బష్తాను ఫైనల్లో ఓడించి, వ్యక్తిగత విభాగంలో ప్రపంచ విజేత అయిన మొదటి జపాన్ మహిళగా నిలిచారు. 2023 జూలైలో మిలాన్‌లో గ్రీసు క్రీడాకారిణి దెస్పినా గియోర్గియాదు మీద గెలిచి టైటిల్ నిలబెట్టుకున్నారు. అదృష్టం ఒక రోజు ఎవరినైనా విజేతను చేస్తుంది, ఆ మాట ఒప్పుకుందాం. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు గెలవాల్సిందే కనుక ఒక టైటిల్‌ను చూసి మరీ ఎక్కువ ఊహించకూడదు కూడా. కానీ అదే మనిషి మరుసటి ఏడాది వేరే నగరంలో, వేరే వరసలో ఎదురైన ప్రత్యర్థులను దాటుకుని మళ్లీ అక్కడికే చేరితే, అప్పుడు అదృష్టం అనే వివరణ పలచబడిపోతుంది. మహిళల సేబర్‌లో ఇలా వరసగా రెండుసార్లు గెలిచినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. 2009, 2010లో అమెరికాకు చెందిన మారియెల్ జగూనిస్, 2013, 2014లో ఉక్రెయిన్ క్రీడాకారిణి ఓల్హా ఖర్లాన్ వారిలో ఉన్నారు. ఎమురా నిలబడ్డది ఆ వరసలో.

మరో చిన్న ఫలితం కూడా ఇక్కడ చెప్పాలి, అది మనకు దగ్గరిది. మిలాన్‌కు నెలరోజుల ముందు, 2023 జూన్‌లో, చైనాలోని వూషీ నగరంలో ఆసియా చాంపియన్‌షిప్ జరిగింది. క్వార్టర్ ఫైనల్లో ఎమురాను 15-10తో ఓడించినవారు చెన్నైకి చెందిన మన సి.ఎ. భవానీదేవి. ఆమె కుటుంబ మూలాలు కాకినాడ జిల్లా సామర్లకోటలో ఉన్నాయి. ఆ గెలుపుతో భవానీదేవి ఆసియా చాంపియన్‌షిప్‌లో భారతదేశానికి ఫెన్సింగ్‌లో మొట్టమొదటి పతకం, కాంస్యం, ఖాయం చేశారు. సెమీఫైనల్లో ఉజ్బెకిస్తాన్ క్రీడాకారిణి జైనబ్ దైబెకోవాతో ఒకే ఒక్క పాయింటు తేడాతో, 14-15తో, ఓడిపోయారు. మనవాళ్లు సంతోషించడం న్యాయమే. దానికి తోడు, ఈ ఫలితాన్ని నా వాదనకు సాక్ష్యంగా కూడా వాడుకుంటాను. అంతకుముందు ఎమురాతో తలపడినప్పుడల్లా భవానీదేవి ఓడారని వార్తలు చెప్పాయి. వూషీలో గెలిచారు. నెల తిరిగేసరికి ఎమురా మళ్లీ ప్రపంచ విజేత. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే, వూషీ రోజున భవానీదేవి నిజంగానే మెరుగ్గా ఆడారు, మిలాన్‌లో అందరికంటే మెరుగ్గా ఆడినవారు ఎమురా. రెండు మాటలూ ఒకేసారి నిజం. ఒక రోజు ఓటమి మనిషి స్థాయిని చెరపదని ఇంతకంటే సూటిగా చూపించే జత దొరకదు. వూషీ ఆసియా పోటీ కాకుండా ఒలింపిక్స్ అయివుంటే, 2023 నాటి ఎమురాను కూడా మనం ఒత్తిడికి లొంగిన క్రీడాకారిణి అనే ఉండేవాళ్లం.

ఒలింపిక్ స్వర్ణాన్నే కొలతగా పెట్టుకుంటే మహిళల సేబర్‌లో ఇంకో చిక్కు ఉంది. ఈ విభాగం వయసు బహు చిన్నది. మహిళలు ఫాయిల్‌లో 1924 నుంచే ఒలింపిక్స్‌లో ఆడుతున్నారు. ఎపీ 1996లో వచ్చింది. సేబర్ మాత్రం 2004 ఏథెన్స్ దాకా రాలేదు. గుర్రపు దళాల కత్తి ఆడవాళ్లకెందుకన్న భావన నూరేళ్లపాటు తలుపు మూసి ఉంచింది. అందుచేత ఇప్పటిదాకా వ్యక్తిగత సేబర్‌లో ఒలింపిక్ స్వర్ణాలు ఆరే ఆరు. ఏథెన్స్, బీజింగ్ రెండూ జగూనిస్‌వి కనుక ఆ స్వర్ణం అందుకున్నవారు ప్రపంచం మొత్తం మీద ఐదుగురే. ఐదుగురి జాబితాతో ఒక క్రీడ చరిత్ర రాయగలమా? ఆ జాబితాలో లేనివారిని చూడండి. ఖర్లాన్ నాలుగుసార్లు వ్యక్తిగత ప్రపంచ విజేత. ఆమెకు ఒలింపిక్ వ్యక్తిగత స్వర్ణం లేదు, మూడు కాంస్యాలున్నాయి. టోక్యోలో మొదటి బౌటులోనే చైనా క్రీడాకారిణి చేతిలో ఓడిపోయారు. రష్యాకు చెందిన సోఫియా వెలికాయా 2012, 2016, 2021లలో వరసగా మూడు ఒలింపిక్ ఫైనళ్లు ఆడి మూడింటిలోనూ రజతమే తెచ్చుకున్నారు. మొదటి ఫైనల్ నుంచి మూడోదాకా తొమ్మిదేళ్ల పాటు, ప్రపంచంలో ఆమెకంటే మెరుగైనవారు ఒక్కరే ఉన్నారని, ఆ ఒక్కరూ ప్రతిసారీ వేరేవారని ఆ ఫలితాలు చెబుతున్నాయి. వెలికాయాను విఫలురాలు అనగల ధైర్యం ఫెన్సింగ్ తెలిసినవారెవరికీ ఉండదు.

జగూనిస్ కథ ఇంకా పనికొస్తుంది. ఏథెన్స్‌కు ఆమె అసలు అర్హత పొందలేదు. నైజీరియా తన స్థానం వదులుకుంటే ఆఖరి ఘడియలో పిలుపు వచ్చింది, వెళ్లి స్వర్ణం గెలిచారు. ఎనిమిదేళ్ల తర్వాత లండన్‌లో, రెండు స్వర్ణాలు చేతిలో ఉన్న ఆమెకు అమెరికా జెండా పట్టుకునే గౌరవం దక్కింది. సెమీఫైనల్లో కొరియా క్రీడాకారిణి కిమ్ జి-యెన్ మీద 12-5 ఆధిక్యంలో ఉండి, మరి మూడు పాయింట్లు చాలనగా, 13-15తో ఓడిపోయారు. కాంస్య పోరులోనూ ఓడి నాలుగో స్థానంతో వెనుదిరిగారు. జెండా మోసి వ్యక్తిగత పతకం లేకుండా రావడం ఎమురాతో మొదలైనది కాదు. ఇద్దరినీ ఓడించినది కొరియన్లే కావడం కాకతాళీయమో, కొరియా సేబర్ బలమో శ్రోతలే తేల్చుకోవచ్చు. నేనైతే బలమనే అంటాను. ఏమైనా, ఏథెన్స్‌కు అనుకోకుండా వెళ్లి గెలిచిన జగూనిస్, లండన్‌కు అన్ని హంగులతో వెళ్లి ఓడిన జగూనిస్ ఒకరే. మధ్యలో ఆమె కత్తి మొద్దుబారలేదు.

ఇక ఎదురు వాదనలు. వీటిలో మొదటిది బలమైనదే. ఒత్తిడిని తట్టుకోవడం కూడా క్రీడలో భాగమే కదా, ఒలింపిక్స్ అన్నిటికంటే పెద్ద ఒత్తిడి, అక్కడ నిలబడినవారే అసలైన విజేతలు, అని. పైగా అదే పారిస్‌లో, అదే జపాన్ జట్టు నుంచి, కోకి కానో ఎపీ వ్యక్తిగత స్వర్ణం గెలిచారు. ఆయన గెలవగలిగినప్పుడు ఈమె ఎందుకు గెలవలేదు? నిజమే, జెండా మోసిన బరువు, దేశమంతా పెట్టుకున్న ఆశ ఆ రోజు ఆమె కాళ్లకు అడ్డుపడి ఉండవచ్చు. 7-15 అనేది చేజారిన బౌటులా కనిపించదు, మొదటినుంచీ చేతికి అందని బౌటులా కనిపిస్తుంది. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ ఒత్తిడి వల్ల ఓడింది అనడానికి ఆధారం ఏమిటని అడిగితే, ఓడింది కాబట్టి అన్నదే సమాధానంగా వస్తుంది. అది ఆధారం కాదు, వలయంలో తిరగడం. ఒత్తిడికి లొంగే మనస్తత్వం నిజంగా ఉంటే అది మరో చోట కూడా బయటపడాలి. 2023లో మిలాన్‌లో దిగినప్పుడు ఆమె కాపాడుకోవాల్సిన టైటిల్ ఉన్న మనిషి. ప్రతి ప్రత్యర్థీ ఆమె ఆటను ఏడాదిపాటు వీడియోల్లో చదివి వచ్చినవారే. పైగా నెల కిందటే ఆసియాలో ఓడి వచ్చారు. అయినా ఆరు బౌట్లూ గెలిచారు. కానో విజయం విషయానికొస్తే, ఒకరికి పడిన పాచిక ఇంకొకరికి పడకపోవడం వల్ల రెండోవారి ఆట తక్కువని రుజువు కాదు. ఎపీలో రిఫరీ ప్రాధాన్య నిర్ణయాలు ఉండవు, ఇద్దరూ ఒకేసారి తాకితే ఇద్దరికీ పాయింటే. ఆ ఆట గతి వేరు.

రెండో అభ్యంతరం ప్రపంచ టైటిళ్ల విలువ మీదికే వస్తుంది. 2022లో, 2023లో టోక్యో విజేత సోఫియా పోజ్‌న్యకోవా, వెలికాయా బరిలో లేరు, ఉక్రెయిన్ యుద్ధం కారణంగా రష్యన్ల మీద అప్పట్లో ఆంక్షలుండేవి. మిలాన్‌లోనైతే ఖర్లాన్ కూడా మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. తటస్థ హోదాలో ఆడిన రష్యన్ క్రీడాకారిణి అన్నా స్మిర్నోవాను ఓడించాక ఆమెతో చేయి కలపలేదని ఖర్లాన్‌ను అనర్హురాలిగా ప్రకటించారు. ప్రపంచమంతా చర్చించిన ఘటన అది. కాబట్టి ఎమురా గెలిచింది ఖాళీ అయిన మైదానంలో అని కొందరు అంటారు. ఈ మాటలో నిజం పాలు ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. కానీ తూకం రెండు పళ్లాలకూ ఒకేలా వేయాలి. పారిస్ ఒలింపిక్ ఫెన్సింగ్‌లో కూడా రష్యన్లు లేరు. పోజ్‌న్యకోవా లేరు, వెలికాయా లేరు. ప్రపంచ టైటిల్ మీద తరుగు తీస్తే పారిస్ స్వర్ణం మీద కూడా అంతే తరుగు తీయాలి. అలా తీయకుండా ఒకదాన్ని మాత్రమే తగ్గించేవారు కొలత వేయడం లేదు, ముందే వచ్చిన తీర్పుకు కారణాలు వెతుకుతున్నారు. ఖర్లాన్ సంగతి కొంచెం వేరు. ఆమె మిలాన్‌లో కొనసాగి ఉంటే ఫలితం ఎలా ఉండేదో చెప్పే మార్గం ఎవరికీ లేదు. అయితే ఎమురా మొదటి టైటిల్ కైరోలోది, ఈ గొడవకు ఏడాది ముందుది.

మూడో అభ్యంతరం ఆమె గెలుపుల కంటే పుట్టుక గురించి. ఓయితా రాష్ట్రంలో 1998 నవంబరులో పుట్టిన ఎమురా తండ్రి కోజి ఎమురా 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఫాయిల్ ఆడినవారు, తర్వాత జపాన్ జాతీయ జట్టుకు శిక్షణ ఇచ్చారు. తల్లి ఎపీ ఆడారు. అంటే ఇంట్లోనే రెండు కత్తులున్నాయి, కూతురు మూడోది పట్టుకుంది. మొదట ఫాయిల్ నేర్చి, మాధ్యమిక పాఠశాల వయసులో సేబర్‌కు మారింది. ఆ తర్వాత జపాన్ ఒలింపిక్ కమిటీ ఎలైట్ అకాడమీ, టోక్యో కిటా వార్డులోని జాతీయ శిక్షణ కేంద్రం, చువో విశ్వవిద్యాలయం. 2021లో చదువు ముగించగానే, టోక్యో ఒలింపిక్స్‌కు కొన్ని నెలల ముందు, తచికావా పట్టణానికి చెందిన ఒక సంస్థ అండతో జపాన్ మహిళల్లో తొలి ప్రొఫెషనల్ ఫెన్సర్‌గా మారారు. ఇన్ని వసతులుంటే ఎవరైనా గెలుస్తారు అనేది అభ్యంతరం. వసతుల పాత్రను నేను కాదనను. జపాన్ ఫెన్సింగ్ ఎదుగుదల పూర్తిగా పద్ధతి ప్రకారం జరిగింది. ఉక్రెయిన్ నుంచి ఫాయిల్‌కు ఒలెహ్ మత్సెయ్‌చుక్‌ను, ఎపీకి ఒలెక్సాందర్ హోర్బచుక్‌ను పిలిపించుకున్నారు. సేబర్‌కు ఫ్రాన్స్ నుంచి జెరోమ్ గుత్ వచ్చారు. 2008లో బీజింగ్‌లో యుకి ఓతా ఫాయిల్ రజతంతో తొలి ఒలింపిక్ పతకం తెస్తే, పదహారేళ్లకు పారిస్‌లో ఐదు పతకాలు వచ్చాయి. కానీ ఈ వసతులన్నీ ఎమురాతో పాటు జపాన్ జట్టులో చాలామందికి ఉన్నాయి. కోచ్‌లు, కేంద్రాలు, ఒలింపియన్ తల్లిదండ్రులు ఐరోపాలో ఇంకా ఎక్కువ మందికి ఉన్నారు. వాళ్లందరిలో రెండేళ్లు వరసగా గెలిచింది ఈమె. వసతి లేనివారు ఈ స్థాయికి రావడం కష్టమన్నది వేరే వాస్తవం. చెన్నై స్కూల్లో వెదురు కర్రలతో సాధన మొదలుపెట్టి ఒలింపిక్స్‌లో ఆడిన తొలి భారతీయ ఫెన్సర్ అయిన భవానీదేవి దానికి సాక్షి. ఆ వాస్తవం వల్ల మన దేశంలో కేంద్రాలు కట్టాలన్న వాదన బలపడుతుంది, ఎమురా టైటిళ్ల బరువు తగ్గదు.

ఇంతకీ పారిస్ నుంచి ఎమురా ఉత్తచేతులతో రాలేదు. ఓడిన ఐదు రోజులకు, ఆగస్టు 3న, జట్టు పోటీలో సెరి ఒజాకి, షిహోమి ఫుకుషిమా, రిసా తకషిమాలతో కలిసి కాంస్యం గెలిచారు. కాంస్య పోరులో 45-40తో ఓడించింది ఫ్రాన్స్‌ను. ఆ ఫ్రాన్స్ జట్టులో ఎవరున్నారో గమనించండి. జూలై 29న వ్యక్తిగత స్వర్ణం గెలిచిన మనోన్ అపితి-బ్రూనే, రజతం గెలిచిన సారా బాల్జే. సొంత దేశం, సొంత ప్రేక్షకులు, నిండిన గ్రాండ్ పలే. ఈ ఫలితాన్ని పత్రికలు పరిహారంలా రాశాయి, ఆ ఓటమికి ఇది ఊరట అన్నట్టు. నాకు అది తలకిందుల లెక్కగా తోస్తుంది. జట్టు పోటీలో ముగ్గురు ముగ్గురితో తొమ్మిది బౌట్లు ఆడతారు, నలభై ఐదు పాయింట్ల దాకా సాగుతుంది. పాయింట్లు ఎక్కువయ్యే కొద్దీ అదృష్టానికి చోటు తగ్గుతుంది, బలం బయటపడుతుంది. ఎక్కువ గింజలు చేతిలోకి తీసుకుంటేనే బస్తాలో బియ్యం రకం తెలిసినట్టు. చోయ్‌తో ఆడిన బౌటులో మొత్తం ఇరవై రెండు పాయింట్లు పడ్డాయి. ఫ్రాన్స్‌తో ఎనభై ఐదు పడ్డాయి. ఏది పెద్ద సాక్ష్యం? అయితే జట్టు పోటీ ముగ్గురి బలం అన్న మాట నిజమే కనుక, ఇందులో ఘనత మొత్తం ఎమురాకు కట్టబెట్టడం కూడా అన్యాయమే. అయినా, ఐదు రోజుల కిందట ఓటమి భారంతో పట్టీ దిగిన మనిషి ఆ జట్టుకు ఆధారంగా మళ్లీ నిలబడ్డారన్నది కాదనలేనిది. ఒత్తిడికి లొంగే స్వభావం అన్న ఆరోపణకు అక్కడే జవాబు ఉంది. చోయ్ సంగతి కూడా చెప్పి తీరాలి: ఎమురాను అంత సునాయాసంగా ఓడించిన ఆమె సెమీఫైనల్ దాకా వెళ్లి అక్కడ ఓడారు, కాంస్య పోరులో ఖర్లాన్ మీద ఆధిక్యంలో ఉండి ఒక్క పాయింటుతో, 14-15తో, పతకం పోగొట్టుకున్నారు. సేబర్ రెండు ముఖాలూ ఒకే మనిషికి ఒకే రోజు ఎదురయ్యాయి.

ఒక ఆచరణాత్మకమైన ప్రశ్న మిగిలింది. సేబర్ స్వభావం ఏదైనా, జనం చూసేది ఒలింపిక్సే, డబ్బు వచ్చేది ఒలింపిక్స్ వల్లే, కనుక ఆ కొలతనే ఒప్పుకోక తప్పదని కొందరు అంటారు. ఇది వాదన కంటే అలవాటు. నాలుగేళ్లకోసారి మాత్రమే ఫెన్సింగ్‌ను చూపించే టీవీ, రాసే పత్రిక, ఆ ఒక్క రోజు ఫలితానికి లేని బరువు తెచ్చిపెట్టి, ఆ తర్వాత ఆ బరువునే కారణంగా చూపుతాయి. మన దగ్గర కూడా అంతే. వూషీ కాంస్యం గురించి తెలిసినవారికంటే, టోక్యోలో భవానీదేవి ట్యునీషియా క్రీడాకారిణిని 15-3తో గెలిచి తర్వాతి బౌటులో ఓడిన సంగతి తెలిసినవారే ఎక్కువ. క్రీడగా చూస్తే వూషీదే పెద్ద ఫలితం. ప్రాయోజక సంస్థలు, క్రీడా శాఖలు ఒలింపిక్ పతకాన్ని బట్టి మాత్రమే సొమ్ము విడుదల చేస్తే, ఆ ఒక్క రోజున పాయింట్లు పడని నిపుణులు ఆట వదిలేస్తారు, పడినవారు మిగులుతారు. ఏడాది పొడవునా జరిగే ప్రపంచ కప్‌లు, గ్రాండ్ ప్రీలు, చాంపియన్‌షిప్‌లు కలిపి నాలుగేళ్ల ఫలితాలకు సగటు చూసి నిర్ణయించడం అసాధ్యమేమీ కాదు. అంతర్జాతీయ సమాఖ్య ర్యాంకింగ్ ఒక ఏడాది ఫలితాలకు పాయింట్లు కలిపి దాదాపు అలాంటి పనే చేస్తుంది. ఒలింపిక్స్‌కు ఎవరు అర్హులన్నది కూడా చాలామటుకు దాన్నిబట్టే తేలుతుంది. అర్హత నిర్ణయించడానికి పనికొచ్చే కొలత, గొప్పతనం నిర్ణయించడానికి పనికిరాదా?

2028లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ జరిగే నాటికి ఎమురాకు ఇరవై తొమ్మిదేళ్లు. పారిస్‌లో కాంస్యం గెలిచినప్పుడు ఖర్లాన్‌కు ముప్ఫై మూడు. కనుక వయసు అడ్డు కాదు. ఆమె అక్కడ ఆడితే, మంచి ఫామ్‌లో ఉంటే, ప్రతి బౌటుకూ నూటికి ఎనభై ఇచ్చినా స్వర్ణం అవకాశం మళ్లీ నూటికి ముప్ఫై మూడే. ఆ రోజు పత్రికలు ఏ శీర్షిక పెట్టినా, దాని పక్కన కైరో, మిలాన్ ఫలితాలు కూడా అచ్చు వేయమని మాత్రం అడగవచ్చు.